పదిహేను రోజుల గడువు

కిందటి వారం లుదొవిక్ దెల్వాల్‌ని హెర్మీ మైదానం గేటు దగ్గర, కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. ఆ జేబులో ఏముందో మీకు తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళ నాటి పసుపుపచ్చ పోస్టు చీటీ. ఆ చీటీ తనది కాదు, చిన్నప్పటి స్నేహితుడు రెజీ నొవాచిక్‌ది. ఎల్లుండి శనివారం, ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు, క్లబ్బువాళ్ళు ప్రేక్షకులు కూర్చునే పడమటి స్టాండుకి లుదో పేరు పెడుతున్నారు. ఆ సభలో అతని గురించి నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఒప్పుకున్నవాడు రెజీయే. ఆ మాటలు చెవిన పడేలోపు నిజం చెప్పెయ్యాలని లుదో ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు గానీ, గేటు గడియ మీద చెయ్యి వెయ్యడానికి అతనికి పావుగంట పట్టింది.

చివరికి తీశాడు. లోపల రెజీ పెనాల్టీ గీత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మేకు దిగ్గొడుతున్నాడు. పాతికేళ్ళ పైనుంచీ ఈ మైదానానికి తోటమాలి అతనే. మిగతా క్లబ్బులన్నీ గీతలు గియ్యడానికి యంత్రాలు కొనుక్కుంటే, రెజీ ఇంకా రెండు మేకులు, ఒక పురికొస, ఒక రంగుబండితోనే నడిపిస్తున్నాడు. యంత్రానికి తొందరెక్కువట, గడ్డి సంగతి దానికి తెలియదట. పురికొసకి రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి ఎవరు కనబడితే వాళ్ళకి అంటగడతాడు. ఒకసారి క్లబ్బు అధ్యక్షుడు కొత్త బూట్లు వేసుకుని చూడ్డానికి వస్తే ఆయనకీ తప్పలేదు.

"సమయానికొచ్చావు. ఆ కొస పట్టుకో," అన్నాడు రెజీ తలెత్తకుండానే. "బిగించి పట్టుకో. నువ్వు జట్టు మేనేజరువైనంత మాత్రాన తాడు దానంతటది బిగుసుకోదు."

లుదో పట్టుకున్నాడు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పక్కపక్కన కూర్చుని చెప్పుకునే మాటలు. ఇప్పుడు ఇద్దరి మధ్యా నలభై మీటర్ల పురికొస ఉంది. అంత దూరం నుంచి ఒప్పుకోవాలంటే అరిచి ఒప్పుకోవాలి. సరే, ఈ గీత అయ్యాక చెబుదాం అనుకున్నాడు. గీత అయింది. రెండోది మొదలైంది. అదయ్యాక చెబుదాం అనుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఇలాగే గడిచాయి మరి, అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇద్దరిదీ గని కంపెనీ కట్టించిన ఎర్రిటుకల ఇళ్ళ వరుస. పద్నాలుగో నంబరు దెల్వాల్‌లది, పదహారు నొవాచిక్‌లది, మధ్యన ఒక్క గోడ. ఆ గోడ మీద ఇటునుంచి మూడుసార్లు తడితే బంతి తీసుకుని రమ్మని అర్థం. పద్నాలుగేళ్ళకి ఇద్దరూ కలిసే క్లబ్బు శిక్షణ కేంద్రంలో చేరారు. ఇద్దరూ కుడివైపు రక్షణలో ఆడేవాళ్ళే. నిజం చెప్పాలంటే రెజీ ఒక మెట్టు పైన. ఆ సంగతి ఊరికి తెలుసు, కోచ్ లెపూత్రకి తెలుసు, అందరికంటే బాగా లుదోకి తెలుసు.

ఆ కేంద్రంలో ఉత్తరం ఆచారం ఒకటి ఉండేది. పద్దెనిమిదో ఏడు వచ్చిన కుర్రాళ్ళలో ఎవరికి ఒప్పందం ఇవ్వదలుచుకున్నారో వాళ్ళ ఇంటికి ఏప్రిల్ ముప్ఫైలోపు రిజిస్టరు ఉత్తరం వెళ్తుంది. ఉత్తరం వచ్చినవాడు ఆటగాడు. రానివాడు మే ఒకటో తారీఖున సంచీ సర్దుకుని వెళ్ళిపోతాడు. ఎందుకు రాలేదని అడగడు. అడిగితే అడుక్కున్నట్టు లెక్క, గని కార్మికుడి కొడుకు అడుక్కోడు. కోచ్ కూడా అంతే, జవాబు రాకపోతే ఎందుకు రాలేదని ఆరా తియ్యడు. అటు బింకం, ఇటు బింకం. ఒక్కడు నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు.

మూడో గీత అయ్యాక రెజీ నడుం మీద చేతులు వేసుకుని లేచి, పురికొస చుట్టుకుంటూ లుదో దగ్గరికి వచ్చాడు. ఇక తప్పించుకోవడానికి దూరం లేదు.

"ఏంట్రా, మొహం అలా ఉంది? ఎల్లుండి ఒక్క పాయింటు వస్తే మొదటి డివిజన్. దానికేనా భయం?"

లుదో జేబులోంచి చీటీ తీసి అతని చేతిలో పెట్టాడు.

రెజీ మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. తన పేరు, తన ఇంటి నంబరు, ఉత్తరం పంపినవాళ్ళ పేరు దగ్గర క్లబ్బు ముద్ర. మంగళవారం, ఏప్రిల్ పది, పంతొమ్మిది వందల తొంభై. ఇంట్లో ఎవరూ లేనందున ఉత్తరం పోస్టాఫీసులో ఉంచడమైనది, పదిహేను రోజుల్లోపు వచ్చి సంతకం చేసి తీసుకోగలరు. రెండుసార్లు చదివాడు. పెదవులు కదుపుతూ మూడోసారి కూడా చదివాడు.

అప్పుడు చెప్పాడు లుదో. ఆ రోజు పొద్దున తను వాళ్ళ వంటింట్లోనే ఉన్నాడు. రెజీ రొట్టె తేవడానికి వెళ్ళాడు. వాళ్ళమ్మ పోయి అప్పటికి మూడు నెలలు, నాన్న గనిలో ఉన్నాడు. పోస్ట్‌మాన్ తలుపు తట్టాడు. ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ సంతకం పెట్టకూడదు కాబట్టి చీటీ రాసి, వాళ్ళు రాగానే ఇవ్వమని లుదో చేతికిచ్చి వెళ్ళిపోయాడు. కుడివైపు ఆటగాడికి ఆ ఏడు ఒక్కటే ఖాళీ అని లుదో అప్పటికే విని ఉన్నాడు. తనకి ఉత్తరం రాలేదు. చీటీ మడిచి మేజోడులో దోపుకున్నాడు. రెజీ రొట్టెతో తిరిగొచ్చాడు. ఇద్దరూ వెన్న రాసుకుని తిన్నారు. ఇరవై ఎనిమిదో తారీఖున లుదో ఇంటికి ఉత్తరం వచ్చింది.

చెప్పడం అయిపోయింది. ఇన్నేళ్ళు మోసింది రెండు నిమిషాల్లో అయిపోవడం చూసి లుదోకే సిగ్గేసింది. ఇప్పుడు కొడతాడు, కొట్టనీ అనుకున్నాడు. కొడితే బాగుండుననే ఆశ కూడా ఉంది. తిడతాడనుకున్నాడు, ఏడుస్తాడనుకున్నాడు, మైదానంలోంచి బయటికి పొమ్మంటాడనుకున్నాడు. అన్నిటికీ సిద్ధపడి వచ్చాడు, ఒక్క దానికి తప్ప. రెజీ నవ్వాడు.

"అంటే, నన్ను తీసుకున్నారన్నమాట," అన్నాడు.

ఎంత నెమ్మదిగా అన్నాడో. యాభై రెండేళ్ళ మనిషి, జుట్టు సగం రాలిపోయినవాడు, గడ్డిలో నిలబడి, పరీక్ష పాసైన పిల్లాడిలా మొహం పెట్టాడు. "లెపూత్ర నన్ను తీసుకున్నాడు," అని ఇంకోసారి అనుకున్నాడు. తను ఇతని దగ్గర దొంగిలించింది ఆటనీ, పేరునీ అని లుదో ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఈ నవ్వుని దొంగిలించానని ఇప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"పదిహేను రోజులు గడువు రాశారు ఇందులో," అన్నాడు రెజీ.

"అవును."

"పదిహేను రోజుల్లో ఏ రోజు ఇచ్చినా సరిపోయేది."

"అవును రా."

"ఈస్టర్‌కి నువ్వు టోర్నమెంటుకి బ్రెస్త్ వెళ్ళావు. నాకు కాలు బెణికి ఉండిపోయాను. కుంటుకుంటూ స్టేషన్‌కొచ్చి నీ సంచీ రైల్లో పెట్టింది నేనే. పది రోజులు లేవు నువ్వు. అక్కణ్ణుంచి కార్డు రాశావు. ఏం రాశావో గుర్తుందా?"

లుదో తల వంచుకున్నాడు. గుర్తులేకపోవడమేమిటి? ఏ ఊళ్ళో, ఏ హోటల్లో పడుకున్నా కళ్ళు మూస్తే ఆ కార్డే కనబడేది.

"నోటితో చెప్పు," అన్నాడు రెజీ.

"నీ ఉత్తరం వచ్చిందా అని రాశాను."

"ఆ కార్డు మా వంటింట్లో ఇంకా ఉందిరా. గడియారం వెనకాల. నా ఉత్తరం గురించి అడిగినవాడు ఈ లోకంలో వీడొక్కడే కదా అని దాచుకున్నాను. నా కూతురి బాప్తిస్మానికి నిన్ను జ్ఞానతండ్రిగా నిలబెట్టింది కూడా అందుకే."

లుదో పద్నాలుగు సీజన్లు ఆడాడు. జాతీయ జట్టు చొక్కా రెండుసార్లు తొడుక్కున్నాడు. ఆ రెండుసార్లూ జాతీయ గీతం పాడే ధైర్యం లేక పెదవులు కదిపి ఊరుకున్నాడు, పత్రికలవాళ్ళు అది దేశభక్తి అని రాశారు. మేనేజరయ్యాక రెండు క్లబ్బులు మెడపట్టి గెంటాయి. మూడోసారి సొంత ఊరు పిలిచింది, వచ్చి మూడో డివిజన్ జట్టుని ఇంతదాకా తెచ్చాడు. ఇక్కడా అతనికొక పేరుంది. ఏప్రిల్ నెల వస్తే కుర్రాళ్ళ ఉత్తరాలు దెల్వాల్ గారు పోస్టులో వెయ్యనివ్వరు, కారేసుకుని ఇంటింటికీ వెళ్ళి చేతికిచ్చి వస్తారు. రానివాళ్ళ ఇంటికి కూడా వెళ్ళి, ఎందుకు తీసుకోలేదో కూర్చుని చెప్పి వస్తారు. ఎంత మంచి మనసో అని తల్లులు మురిసిపోతారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా అతనికి అన్నం దిగదు. మంచి మనసు కాదమ్మా, భయం అని అరిచి చెప్పాలనిపిస్తుంది. చెప్పడు, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాడు.

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు," అన్నాడు చివరికి. అబద్ధం. అందుకే వచ్చాడు.

రెజీ కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"నీ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు. "ముందు ఇది మా నాన్నకి చెప్పాలి. నేను చెప్పను, నువ్వే చెప్పాలి. ఆ ఏడు మే ఒకటిన నేను సంచీతో ఇంటికెళ్తే ఆయన ఏమన్నాడో తెలుసా? సరేలే, నా దగ్గరే ఉండు అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఈ మైదానంలో ఒక్క మ్యాచ్ చూడలేదు. టీవీలో వచ్చినా లేచి వెళ్ళిపోతాడు. నా వల్ల తలదించుకున్నాడని నేను ముప్ఫై నాలుగేళ్ళుగా ఏడుస్తున్నానురా. ఆయన పోయేలోపు తెలియాలి, నేను పనికిరాక కాదు అని."

ఆయన కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. ముసలాయన మ్యాచ్‌లకి రాడు గానీ, మ్యాచ్ లేని రోజున పదకొండింటికల్లా కొడుక్కి చికోరీ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని కాలువ గట్టు వెంట నడుచుకుంటూ వస్తాడు. కజిమీర్ నొవాచిక్‌కి ఎనభై నాలుగు. గనిలో మింగిన బొగ్గుపొడి ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది, వంద అడుగులకోసారి ఆగి దగ్గుతాడు. అందుకని ఆయన రావడం కంటే ముందు దగ్గు వస్తుంది. గేటు అవతల ఆ దగ్గు వినబడింది.

ముగ్గురూ అదనపు ఆటగాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు. ముసలాయన లుదోని చూసి సంబరపడ్డాడు. రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, శనివారం కోసం కోటు ఇస్త్రీకి ఇచ్చానని చెప్పాడు. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి మైదానంలో కూర్చుంటాడట, లుదో పేరు స్టాండుకి పెడుతుంటే చూడకపోతే ఎలాగట. కాగితంలో చుట్టిన చక్కెర టార్టు ముక్క తీసి లుదో చేతిలో పెట్టాడు. నీకిష్టమని తెచ్చాను నాయనా, తిను అన్నాడు. ఇంత చేసినవాడు అది ఎలా తింటాడు?

రెజీ పక్కకి తిరిగి కూర్చున్నాడు. సాయం చెయ్యడానికి అతనికేం మనసు లేదు.

లుదో రెండోసారి మొదలుపెట్టాడు. ఈసారి రెండు నిమిషాల్లో కాలేదు. బాబాయ్ అన్నాడు, ఆగాడు, మళ్ళీ బాబాయ్ అన్నాడు. పోస్ట్‌మాన్ దగ్గరికి వచ్చేసరికి ఆగి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. చీటీ తీసి చూపిస్తే ముసలాయన దాన్ని ముట్టుకోలేదు. కాలుతుందేమోనన్నట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు. లుదో మేజోడు మాట చెప్పాడు, రొట్టె మాట చెప్పాడు, కార్డు మాట చెప్పాడు. మీ కొడుకు జీవితం నేను తిన్నాను బాబాయ్ అని, టార్టు ముక్క అలాగే చేతిలో ఉండగానే, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కజిమీర్ గరుకు చెయ్యి తీసి లుదో వీపు మీద వేశాడు. ఆయన మంచి మనిషి. ఏడుస్తున్నవాణ్ణి చూసి ఊరుకోలేడు. ఆ మంచితనమే ఆయన్ని పట్టిచ్చింది.

"ఊరుకో నాయనా, ఊరుకో. పద్దెనిమిదేళ్ళ పిల్లాడివి, నీకేం తెలుసు అప్పుడు? ఆ ఒక్క చీటీ వల్ల ఏమీ కాలేదులే. ఒకటి పోతే వారం తిరక్కుండా రెండోది పంపేవాళ్ళు ఆ రోజుల్లో."

అని, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

లుదో ఏడుపు కూడా ఆగిపోయింది. రెండో చీటీ. అది వచ్చిందని, చూడకపోతే, ఈయనకెలా తెలుసు? వారం తిరక్కుండా, అంటే పదిహేడో తారీఖు ప్రాంతాల. ఉత్తరం వెనక్కి పోలేదన్నమాట. ఎవరో పోస్టాఫీసుకి వెళ్ళారు, సంతకం పెట్టారు, ఉత్తరం తీసుకున్నారు. పెళ్ళాం పోయిన ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే మగాళ్ళు. రెజీ కాదు. ఇక మిగిలింది, సరేలే, నా దగ్గరే ఉండు అన్న మనిషి.

ముందుగా లుదోకి కలిగింది ఏమిటో దాచకుండా చెప్పాలి. హాయి. ఒక్క క్షణం, గుండె మీద నుంచి బండ దింపినట్టు, నేను కాదు, నేనొక్కణ్ణే కాదు అనిపించింది. ఆ మరుక్షణమే తన మీద తనకి అసహ్యం పుట్టింది. ముసలాయన కళ్ళు అతని మీదే ఉన్నాయి. ఆ కళ్ళు ఏమీ దాచడం లేదు. ఒక్కటే అడుగుతున్నాయి, వాడికి తెలియనివ్వకు అని. ఆయన ఇన్నేళ్ళు మ్యాచ్‌లకి ఎందుకు రాలేదో, టీవీ ముందు నుంచి ఎందుకు లేచి వెళ్ళేవాడో లుదోకి ఆ చూపులో తెలిసిపోయింది. కొడుకుని చూసి తలదించుకోవడం కాదు అది. తనూ ఇన్నేళ్ళూ మైకులో తన పేరు వినబడితే అలాగే తల దించుకునేవాడు.

"రెండో చీటీ ఏంటి నాన్నా?" అన్నాడు రెజీ. అతను ఇంకా పక్కకి తిరిగే ఉన్నాడు.

ముసలాయన దగ్గబోయాడు. దగ్గు రాలేదు.

లుదో ఆలోచించలేదు. ఒకసారి ఈ ఇంట్లోంచి ఒకటి ఎత్తుకుపోయాడు, ఇవాళ ఒకటి తిరిగి ఇవ్వచ్చు. తండ్రిని మిగల్చచ్చు. అంతే అనుకున్నాడు.

"అది కూడా నేనే తీశాను," అన్నాడు. "మీ ఉత్తరాల పెట్టెలోంచి. రెండూ నేనే తీశాను రెజీ."

కజిమీర్ కళ్ళు మూసుకున్నాడు. మూతలోని కాఫీ ఒలికి మోకాలి మీద పడుతున్నా కదల్లేదు.

రెజీ ఒళ్ళోని పురికొస ఉండ తీసి, కొస వెతికి పట్టుకుని, మొత్తం విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. తొందరేమీ పడలేదు. చివరిదాకా చుట్టి, కొస లోపలికి దోపి, ఉండని బల్ల మీద పెట్టాడు.

"వారం తిరక్కుండా అంటే ఈస్టర్ అయ్యాక," అన్నాడు. "అప్పుడు నువ్వు బ్రెస్త్‌లో ఉన్నావురా. నీ సంచీ రైల్లో పెట్టింది నేనే కదా."

లుదో వైపు చూడకుండానే అన్నాడు ఆ మాట. తర్వాత లేచి, ముసలాయన ఎదురుగా గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒలికిపోతున్న మూతని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుని పక్కన పెట్టాడు.

"నాన్నా," అన్నాడు. "సంతకం ఎవరు పెట్టారు?"